45 హెచ్‌పీ ట్రాక్టర్‌కి 7 అడుగుల రోటవేటర్, మూడు నాగళ్ల ప్లవ్, బేలర్: ఏది పడుతుంది, ఏది పడదు

తమ్ముడూ, నువ్వు అడిగింది ఇదీ. 45 హెచ్‌పీ టూ వీల్ డ్రైవ్ ట్రాక్టర్ ఉంది. నంద్యాల వైపు నల్లరేగడి, అందులో పత్తి, శనగ, కేసీ కెనాల్ కింద కొంచెం మాగాణి. పక్కూరి వాళ్ల 7 అడుగుల రోటవేటర్ (తిరిగే బ్లేడ్లతో మట్టిని కోసేది) తగిలించి చూస్తే రేజ్, అంటే ఇంజిన్ తిరిగే వేగం, పడిపోయి నల్లపొగ కక్కింది, షాపులో మాత్రం 45కి 7 అడుగులు బాగానే నడుస్తుందంటున్నారు. దాంతో పాటు మూడు నాగళ్ల ప్లవ్, గడ్డి కట్టే బేలర్ కూడా తీసుకుందామనుకుంటున్నావు.

ముందు జవాబు చెప్పేస్తా, తర్వాత ఎందుకో చెబుతా. 7 అడుగుల రోటవేటర్ వద్దు, 6 అడుగులది తీసుకో, అది కూడా తేలిక రకం. మూడు నాగళ్ల ప్లవ్ నీ నేలలో లాగదు, రెండు నాగళ్లది చాలు. బేలర్‌లో చిన్న రౌండ్ బేలర్ నడుస్తుంది, చదరపు కట్టలు కట్టేది వద్దు, పైగా అది హెచ్‌పీ కంటే క్లచ్ మీద ఎక్కువ ఆధారపడిన విషయం. ఈ మూడింటికీ కారణాలు మూడు రకాలు. అది తెలియకపోతే ఈ రోజు రోటవేటర్ దగ్గర, రేపు ఇంకో పనిముట్టు దగ్గర ఇదే ఇబ్బంది పడతావు.

బానెట్ మీద రాసిన 45 అనే అంకె ఇంజిన్‌ది. చాలాసార్లు అది కూడా కాదు, '45 హెచ్‌పీ కేటగిరీ' అని రాసి ఉంటుంది, లోపల అసలు ఇంజిన్ 42 దగ్గర ఉండొచ్చు. పనిముట్టుకి అందేది ఇంజిన్ హెచ్‌పీ కాదు. గేర్‌బాక్స్ దాటి వెనక పీటీఓ షాఫ్ట్ (పనిముట్టుని తిప్పడానికి బండి వెనక ఉండే ఇరుసు) దగ్గరికి వచ్చేసరికి మామూలుగా 85 నుంచి 90 శాతమే మిగులుతుంది. అంటే నిజంగా 45 ఉన్న బండికి పీటీఓ దగ్గర 38, 40 మధ్య. కేటగిరీ బండి అయితే 36 కూడా కావచ్చు. ఈ అంకెని షాపులో నోటిమాటగా అడగొద్దు. మన దేశంలో అమ్మే ట్రాక్టర్ మోడళ్లని మధ్యప్రదేశ్‌లోని బుద్నిలో ఉన్న కేంద్ర ప్రభుత్వ సంస్థలో పరీక్షిస్తారు, ఆ రిపోర్టులు బయట దొరుకుతాయి. అందులో పీటీఓ గరిష్ఠ పవర్ ఎంతో, లిఫ్ట్ ఎంత లేపిందో, ఎంత లాగిందో అన్నీ ఉంటాయి. మామూలు వాతావరణంలో ఒకసారి, బాగా వేడిలో ఇంకోసారి పీటీఓ పరీక్ష చేస్తారు. వేడిలో వచ్చిన అంకె కొంచెం తక్కువే ఉంటుంది, మే నెలలో రాయలసీమలో దున్నేవాడికి అదే అసలు అంకె. నీ మోడల్ రిపోర్టు చూసి, ఆ అంకె ఒక కాగితం మీద రాసి పెట్టుకో. ఇక మీదట ఏ పనిముట్టు గురించి మాట్లాడినా 45 అనకు, ఆ అంకే చెప్పు.

ఇప్పుడు అసలు సంగతి. ట్రాక్టర్ శక్తి పనిముట్టుకి మూడు దారుల్లో వెళ్తుంది. షాఫ్ట్ ద్వారా తిరిగే పనిముట్లు కొన్ని: రోటవేటర్, బేలర్, మందు కొట్టే బ్లోయర్, గుంతలు తీసే ఆగర్. చక్రాల పట్టుతో లాగేవి కొన్ని: ప్లవ్, కల్టివేటర్, డిస్క్ హారో, ట్రాలీ. మూడోది లిఫ్ట్, అంటే పనిముట్టుని ఎత్తి మోయడం. ఏ పనిముట్టు ఏ దారిలో ఎక్కువ తింటుందో చూసి, నీ బండికి ఆ దారిలో ఎంత ఉందో దాంతో సరిపోల్చాలి. ఒకే అంకె పట్టుకుని అన్నింటికీ జత చేయబోతే ఒక చోట ఇంజిన్ ఆగిపోతుంది, ఇంకో చోట ఇంజిన్ బాగానే ఉండి టైర్లు ఉన్నచోటే తిరుగుతాయి, మరో చోట ముందు చక్రాలు గాల్లోకి లేస్తాయి.

రోటవేటర్‌తో మొదలుపెడదాం, నీ గొడవ అక్కడే ఉంది కాబట్టి. నల్లరేగడిలో నాలుగైదు అంగుళాల లోతు పోవాలంటే అడుగు వెడల్పుకి ఆరు నుంచి ఏడు పీటీఓ హెచ్‌పీ లెక్క వేసుకో. 5 అడుగులకి 30 నుంచి 35, 6 అడుగులకి 36 నుంచి 42, 7 అడుగులకి 42 నుంచి 49. నీ బండి ఇచ్చేది 38. అంటే 6 అడుగులది కూడా అంచు మీదే ఉంది, అందుకే తేలిక రకం అన్నాను. 7 అడుగులది ఈ లెక్కలోకే రాదు. బ్లేడ్ల పరంగా చూసినా తెలుస్తుంది: 5 అడుగులకి మామూలుగా 36 బ్లేడ్లు, 6కి 42, 7కి 48. ప్రతి బ్లేడూ మట్టిలోంచి ఒక ముక్క కోయాలి, ఆ కోత శక్తి అంతా నీ షాఫ్ట్ నుంచే రావాలి.

'లోతు తగ్గించుకుని, చిన్న గేర్‌లో నడుపుకో, 7 అడుగులది కూడా పోతుంది' అని షాపువాళ్లు అంటారు. పోతుంది, అందులో అబద్ధం లేదు. కానీ దాని వల్ల నీకు వచ్చేదేంటో లెక్క వేసి చూడు. 6 అడుగులది, అంటే 1.8 మీటర్లు, గంటకి 3 కిలోమీటర్ల వేగంతో, మలుపులు, మీద మీద పడే సాళ్లు తీసేసి 80 శాతం పని లెక్కేస్తే గంటకి ఎకరం కంటే కొంచెం ఎక్కువే అవుతుంది. 7 అడుగులది లోడ్ ఆపుకోలేక 2 కిలోమీటర్లకి దిగితే గంటకి ముప్పాతిక ఎకరం కంటే కొంచెం ఎక్కువ, 0.83 అంతే. పెద్దది కొని చిన్నదాని కంటే తక్కువ పని చేసినట్టు. దానికి తోడు ఎక్కువ డీజిల్, నలిగిపోయే క్లచ్ ప్లేట్లు, ఊరికే వేడెక్కే ఇంజిన్. ఎర్ర గరప నేలల్లో, తెలంగాణ వైపు చెల్కల్లో రెండూ ఒకే వేగంతో పోతాయి కాబట్టి అక్కడ 45 బండికి 7 అడుగులది తగిలించిన వాళ్లు కనిపిస్తారు, వాళ్ల మాట విని ఇక్కడ కొనొద్దు. నేల మారితే లెక్క మొత్తం మారుతుంది.

మరి 5 అడుగులది తీసుకుంటే ఇంకా హాయి కదా అంటావేమో. శక్తి పరంగా హాయే. కానీ నీ వెనక టైర్ల బయటి అంచు నుంచి అంచుకి టేపు పెట్టి కొలువు. 45 బండికి మామూలుగా అయిదున్నర అడుగులు వస్తుంది. 5 అడుగుల రోటవేటర్ మధ్యలో తగిలిస్తే టైరు తొక్కిన గుర్తు పక్కన మిగిలిపోతుంది, నల్లరేగడిలో ఆ తొక్కిన గట్టి గీత మీద మొలక సరిగా రాదు. కొన్ని రోటవేటర్లని ఒక పక్కకి జరిపి బిగించుకునే వీలు ఉంటుంది, అప్పుడు ఒక టైరు గుర్తయినా కప్పుతుంది. 6 అడుగులదైతే రెండు గుర్తులూ కప్పుతుంది. 45 బండికి 6 అడుగులది సరైన జోడు అనడానికి హెచ్‌పీ ఎంత కారణమో ఈ టైరు వెడల్పు కూడా అంతే కారణం, దీన్ని షాపుల్లో ఎవరూ చెప్పరు.

సబ్సిడీ కాగితం చూసి కూడా మోసపోవద్దు. పనిముట్ల సబ్సిడీ పథకంలో ట్రాక్టర్లని 20 లోపు, 20 నుంచి 35, 35 పైన అని విడగొట్టారు. నీది 35 పైన కాబట్టి ఆ వరసలో ఉన్న ఏ రోటవేటర్ అయినా నీ బండికి పనికొస్తుందని అర్థం కాదు, 36 బండీ 60 బండీ ఒకే గడిలో ఉన్నాయి. అది డబ్బు లెక్క కోసం గీసిన గీత, జోడు కోసం గీసింది కాదు.

రోటవేటర్ కొన్నాక కూడా నీ చేతిలో ఉండేవి కొన్ని ఉన్నాయి. రోటవేటర్ గేర్‌బాక్స్ వెనక మూత తీస్తే గేర్ల జత ఉంటుంది, దాన్ని తిప్పి వేసో, మార్చో రోటర్ వేగం తగ్గించవచ్చు, పెంచవచ్చు. పీటీఓ నిమిషానికి 540 చుట్లు తిరుగుతుంటే రోటర్ (బ్లేడ్లు బిగించిన ఇరుసు) సుమారు 180 నుంచి 220 చుట్ల మధ్య తిరిగేలా ఇస్తారు. నల్లరేగడిలో తక్కువ వేగం పెట్టుకో, మట్టిని పిండిలా చేయాల్సిన పని లేదు, మరీ మెత్తగా చేస్తే వాన పడగానే పైన పొర గట్టి పడుతుంది. బ్లేడ్లు అరిగితే అవి కోయవు, నెడతాయి, అప్పుడు అదే రోటవేటర్ మునుపటి కంటే ఎక్కువ శక్తి తింటుంది. అన్నిటికంటే ముఖ్యం పదును, అంటే నేలలో దున్నడానికి సరిపడా తడి. రేగడి ఎండి రాయిలా ఉన్నప్పుడు 6 అడుగులది కూడా నీ బండిని ఏడిపిస్తుంది, జిగట మీద ఉంటే బ్లేడ్లకి ముద్దలు చుట్టుకుంటుంది. మన నేలల్లో పదును ఉండేది కొద్ది రోజులే, అందుకే చాలామంది తొందరలో పెద్దది కొంటారు, నాకు ఆ తొందర అర్థమవుతుంది. అయినా పదును దాటితే ముందు కల్టివేటర్‌తో ఒకసారి తిప్పి పెళ్లలు విరిచి, తర్వాత రోటవేటర్ పెట్టడమే మేలు. పత్తి కట్టె నిలబడి ఉన్న చేలో నేరుగా రోటవేటర్ దింపడం కూడా అంతే, కట్టె ముందు నరికి గానీ, ష్రెడ్డర్ (కట్టెని ముక్కలు చేసేది) పెట్టి గానీ దింపు.

ఇక ప్లవ్. ఇక్కడ కథ పూర్తిగా వేరు, దీని దగ్గరే చాలామంది లెక్క తప్పుతారు.

ప్లవ్ లాగడానికి ఎంత బలం కావాలో నువ్వే లెక్క వేసుకోవచ్చు. నాగలి వెడల్పు సెంటీమీటర్లలో, లోతు సెంటీమీటర్లలో గుణించు, దాన్ని నేల గట్టిదనంతో గుణించు. తేలిక ఎర్ర నేలకి చదరపు సెంటీమీటరుకి 0.3 కేజీ, గట్టి నల్లరేగడికి 0.7 కేజీ అనుకుంటే అంచనాకి సరిపోతుంది. ఒక్కో నాగలి 30 సెంటీమీటర్లు, లోతు 20 అనుకో. రెండు నాగళ్లకి 60 ఇంటు 20, 1200. ఇంటు 0.7, అంటే 840 కేజీల లాగుడు. మూడు నాగళ్లకి 1260 కేజీలు. ఈ కేజీలని గంటకి పోయే కిలోమీటర్లతో గుణించి 270తో భాగిస్తే వెనక లాగడానికి కావాల్సిన హెచ్‌పీ వస్తుంది. గంటకి 4 కిలోమీటర్లయితే రెండు నాగళ్లకి 12 పైచిలుకు, మూడింటికి 19 లోపు.

'పందొమ్మిదేనా, నా దగ్గర 38 ఉంది కదా' అనిపిస్తుంది. పీటీఓ దగ్గర ఉన్న 38 చక్రాల ద్వారా గట్టి నేల మీద లాగుడుగా మారేసరికి 24 దాకా అవుతుంది, దున్నిన వదులు నేలలో 20 దగ్గర, మెత్తటి నేలలో 18. సరే, 24 ఉన్నా 19 కంటే ఎక్కువే. హెచ్‌పీ లెక్కలో మూడు నాగళ్లు లాగాలి. అయినా నీ చేలో లాగదు, ఎందుకంటే అక్కడ చాలనిది హెచ్‌పీ కాదు, బరువు. టూ వీల్ డ్రైవ్ ట్రాక్టర్ పొలంలో తన బరువులో 40 శాతం, మహా అయితే కొంచెం ఎక్కువ లాగగలదు. నీ బండి సుమారు 2000 కేజీలు ఉంటుంది. అంటే 800 నుంచి 900 కేజీల లాగుడు. రెండు నాగళ్లు అడిగే 840 దీంట్లో సరిగ్గా పడుతుంది. మూడు నాగళ్ల 1260కి ఎంత రేజ్ ఇచ్చినా టైరు జారుతుందే తప్ప బండి కదలదు. ఇంజిన్‌లో శక్తి మిగిలే ఉంటుంది, దాన్ని నేలకి అందించే పట్టు ఉండదు. అదే మూడు నాగళ్లు అనంతపురం వైపు ఎర్ర నేలలో అయితే 540 కేజీలే, నీ బండి సునాయాసంగా లాగేస్తుంది. అందుకే ఒకరి చేలో నడిచిన ప్లవ్ చూసి ఇంకొకరు కొనకూడదు.

టైరు ఎంత జారుతుందో కొలవడం సులభం, ఒక్కసారి చేసి చూడు. వెనక టైరు మీద సున్నంతో గీత పెట్టి, ప్లవ్ ఎత్తి పట్టుకుని చేలో టైరు పది చుట్లు తిరిగే దూరం కొలువు. తర్వాత ప్లవ్ దింపి దున్నుతూ మళ్లీ పది చుట్లకి ఎంత దూరం పోయిందో కొలువు. మొదట 41 మీటర్లు వచ్చి, లోడ్‌లో 35 వస్తే 15 శాతం జారుడు. టూ వీల్ డ్రైవ్‌కి 10 నుంచి 15 శాతం మంచిది. 20 దాటితే లోతు తగ్గించు, లేదా బరువు పెంచు. అసలు జారకుండా 5 శాతంలో ఉంటే బండి మీద బరువు అనవసరంగా ఎక్కువ ఉన్నట్టు, దాన్ని మోసుకు తిరగడానికి డీజిల్ పోతోంది.

బరువు పెంచడానికి వెనక చక్రాలకి ఇనుప వెయిట్లు బిగిస్తారు, లేకపోతే టైర్లలో ముప్పాతిక వంతు నీళ్లు పడతారు, నీ సైజు టైరులో ఒక్కోదానికి వందన్నర కేజీలకి పైగా వస్తుంది. దుక్కి వరకు ఇది బాగా పనిచేస్తుంది. కానీ రెండు నాగళ్ల ప్లవ్‌కి సరిపోయేంత బరువే పెట్టు, మూడో నాగలిని లాగించాలని బరువు మీద బరువు వేస్తే ఆ లోడ్ అంతా వెనక ఆక్సిల్, గేర్ల మీద పడుతుంది, నల్లరేగడి అడుగున గట్టి పొర ఏర్పడుతుంది. మాగాణిలోకి వెళ్లే ముందు ఆ బరువు తీసేయాలి కూడా. లిఫ్ట్ దగ్గర ఉండే డ్రాఫ్ట్ కంట్రోల్ లివర్‌ని చాలామంది ముట్టుకోరు, అది ప్లవ్ దున్నేటప్పుడు వాడాల్సిందే. నేల గట్టిగా తగిలినప్పుడు అదే కొంచెం లేపి, ప్లవ్ బరువుని వెనక చక్రాల మీదికి తెస్తుంది, ఒక్క పైసా ఖర్చు లేకుండా పట్టు పెరుగుతుంది.

కల్టివేటర్‌కి ఇంత చర్చ అక్కర్లేదు, తొమ్మిది పళ్లది నీ బండికి సరైనది, పదకొండు పళ్లది 50 దగ్గర ఉన్నవాళ్లకి.

లిఫ్ట్ గురించి ఒక మాట. కంపెనీ కాగితంలో 1500, 1800 కేజీలు లేపుతుందని ఉంటుంది, అది పనిముట్టు తగిలించే కింది లింకుల కొనల దగ్గర కొలిచినది. పనిముట్టు బరువు మధ్యభాగం అక్కడి నుంచి ఇంకా రెండడుగులు వెనక ఉంటుంది కాబట్టి నిజంగా లేపేది అంతకంటే తక్కువ. అయినా 45 బండికి 400, 450 కేజీల పనిముట్టు లేపడం కష్టం కాదు. కష్టమంతా ముందు చక్రాలది. హైడ్రాలిక్ రివర్సిబుల్ ప్లవ్ (మట్టిని ఏ పక్కకి కావాలంటే ఆ పక్కకి పడేలా తిప్పుకునేది), రెండు నాగళ్లదే, 400 కేజీల దాకా ఉంటుంది. అది వెనక గాల్లో వేలాడుతుంటే ముందు ఆక్సిల్ మీద ఉన్న బరువులో సుమారు 300 కేజీలు వెనక్కి పోతుంది. సమంగా ఉన్న నేల మీద ఫర్వాలేదు, గట్టు ఎక్కేటప్పుడు స్టీరింగ్ తిప్పినా బండి తిరగదు. ముందు చక్రాల మీద కనీసం ట్రాక్టర్ బరువులో 20 శాతమైనా నిలబడి ఉండాలి. అనుమానంగా ఉంటే ముందు బంపర్ వెయిట్లు పెట్టించు, అవి లేకుండా రివర్సిబుల్ ప్లవ్‌తో రోడ్డెక్కొద్దు.

మాగాణి దమ్ము విషయంలో నీ 45 బండి చాలు, ఇక్కడ హెచ్‌పీ పెంచుకుంటూ పోయినా బరువు పెరిగి దిగబడటమే ఎక్కువ. దమ్ము చక్రాలు వేసుకుని, రోటవేటర్ పెట్టేటట్టయితే వంపు ఎక్కువ ఉన్న సీ రకం బ్లేడ్లు వేయించుకో, మెట్టలో వాడే ఎల్ రకానికి బురద ఎక్కువ పట్టుకుంటుంది. ఒక్క విషయం మాత్రం ఇంట్లో బండి నడిపే ప్రతి ఒక్కరికీ చెప్పు. బురదలో చక్రాలు దిగబడి తిరగకుండా బిగుసుకున్నప్పుడు రేజ్ ఇచ్చి ముందుకే లాగించాలని చూడొద్దు. చక్రం కదలనప్పుడు ఇంజిన్ బలం బండి ముందు భాగాన్ని పైకి లేపుతుంది, క్షణాల్లో వెనక్కి తిరగబడి డ్రైవర్ మీద పడుతుంది. మన పల్లెల్లో దమ్ము రోజుల్లో ప్రాణాలు పోయేది ఎక్కువగా ఇలాగే. దిగబడితే క్లచ్ నొక్కి, పనిముట్టు తప్పించి, రివర్స్‌లో బయటికి రా, రాకపోతే ఇంకో బండి తెప్పించు. చక్రాలకి అడ్డంగా దుంగలు కట్టి ముందుకి లాగించడం మరీ ప్రమాదం. దమ్ము చక్రాలతో తారు రోడ్డు కూడా ఎక్కొద్దు, రోడ్డు పాడవుతుంది, పట్టుకుంటే కేసు కూడా.

బేలర్ దగ్గరికి వద్దాం. చిన్న రౌండ్ బేలర్‌కి పీటీఓ దగ్గర 30, 35 ఉంటే నడుస్తుంది, నీకు అది ఉంది. చదరపు కట్టలది లోపల పిస్టన్ లాంటిది ముందుకీ వెనక్కీ కొడుతూ గడ్డిని కుక్కుతుంది, ప్రతి దెబ్బకీ బండి ఊగుతుంది, దానికి 50 దగ్గర బండి, కొంచెం బరువైన బండి ఉంటే మంచిది. కానీ నేను ముందు అడిగేది నీ బండికి ఏ క్లచ్ ఉందని. సింగిల్ క్లచ్ అయితే గేర్ మార్చడానికి క్లచ్ నొక్కగానే పీటీఓ కూడా ఆగిపోతుంది, లోపల సగం చుట్టిన గడ్డి ఇరుక్కుంటుంది, దిగి చేత్తో పీకాల్సి వస్తుంది. అక్కడే చేతులు పోతాయి. డ్యూయల్ క్లచ్ గానీ, పీటీఓకి విడిగా లివర్ ఉన్న బండి గానీ అయితేనే బేలర్ కొను. గడ్డి వరస మందంగా ఉన్నచోట బండి ముందుకి వెళ్లడం ఆగాలి, షాఫ్ట్ మాత్రం తిరుగుతూనే ఉండాలి, బేలర్ పనంతా దీని మీదే ఉంది. ఇంకోటి, హార్వెస్టర్ కోసిన మర్నాడే తడి గడ్డి మీద బేలర్ పెట్టకు, అదే బేలర్ అదే బండికి బరువైపోతుంది. గడ్డి నీ ఒక్కడిదే అయితే కిరాయికి కట్టించుకోవడం చాలు, ఊళ్లో నాలుగు కుటుంబాల పొలం దొరికితేనే కొనే ఆలోచన చెయ్యి.

ట్రాలీ అడగలేదు గానీ చెబుతున్నా, దాన్ని లాగడం అసలు సమస్యే కాదు, ఆపడమే సమస్య. నీ బండి రెండు టన్నులు, వెనక ఐదు టన్నులు వేస్తే దిగుడులో ట్రాలీయే బండిని నెడుతుంది. బ్రేకులు లేని ట్రాలీకి ఎక్కువ లోడ్ వేయకు. దిగుడులో న్యూట్రల్ అసలే వద్దు. నీళ్ల ట్యాంకర్ సగం నింపి నడపడం నిండుగా నడపడం కంటే ప్రమాదం, నీళ్లు ఊగి పక్కకి లాగేస్తాయి.

7 అడుగులదే కావాలి, కిరాయికి కూడా తిప్పాలి అనుకుంటే దారి ఉంది, కానీ పెద్ద బండి కొనాలి. అక్కడ ఒక మెట్టు ఉంది, తెలుసుకో. 2023 జనవరి నుంచి 50 హెచ్‌పీ దాటిన ట్రాక్టర్లకి ట్రెమ్ 4 పొగ నియమాలు వచ్చాయి, ఇంజిన్ ఖరీదైన కామన్ రైల్ రకానికి మారింది, ధర పెరిగింది. అందుకే చాలా కంపెనీలు 49 పైచిలుకు దగ్గరే ఆగిపోయిన మోడళ్లు అమ్ముతున్నాయి. 50 లోపు బండికి పీటీఓ 43, 44 వస్తుంది, అది 7 అడుగులకి కింది అంచు మాత్రమే, నల్లరేగడిలో మళ్లీ ఇదే బాధ. నిజంగా 7 అడుగులు రేగడిలో తిప్పాలంటే 55 పైన ఫోర్ వీల్ డ్రైవ్ చూడాలి. నీకున్న పొలానికి అంత అప్పు అవసరం లేదని నా గట్టి అభిప్రాయం.

ఇంకో సంగతి, ఆ రోజు రేజ్ పడిపోయింది అన్నావు కదా, అది రోటవేటర్ వల్లే అని తేల్చేసే ముందు బండిని ఒకసారి చూడు. ఎయిర్ క్లీనర్‌లో ఆయిల్ ఎప్పుడు మార్చావు? దుమ్ముతో మూసుకుపోతే సరిపడా గాలి అందక నల్లపొగ వస్తుంది. డీజిల్ ఫిల్టర్, నాజిల్స్, రేడియేటర్ జాలీకి పట్టిన పొట్టు, ఇవన్నీ సరిగా ఉన్నాయో లేదో చూడు. సరిగా లేకపోతే 38 ఇవ్వాల్సిన బండి 32 ఇస్తుంది, అప్పుడు 6 అడుగులది కొన్నా ఇదే మాట అంటావు. తర్వాత నడిపేటప్పుడు మీటర్ మీద పీటీఓ 540 గుర్తు దగ్గర రేజ్ పెట్టు, రోటవేటర్ దింపు, ముల్లు ఎంత పడిందో చూడు. పదో వంతు పడి నిలబడితే ఇంజిన్ దాని బలంతో తట్టుకుంటోంది, ఫర్వాలేదు. ఇంకా పడుతూ పోతుంటే రేజ్ పెంచకు, గేర్ తగ్గించు. చిన్న గేర్‌లో కూడా పడుతుంటే లోతు తగ్గించు. అప్పటికీ పడితే ఆ పనిముట్టు ఆ నేలలో నీ బండికి కాదు.

కొత్త రోటవేటర్ వచ్చాక మొదటి రోజు షాఫ్ట్ పొడవు తప్పకుండా సరిచూసుకో. లిఫ్ట్ పూర్తిగా ఎత్తి ఒకసారి, పూర్తిగా దింపి ఒకసారి, రెండు గొట్టాలు ఒకదానిలో ఒకటి ఎంత ఉన్నాయో చూడు. బాగా దగ్గరికి వచ్చినప్పుడు గుద్దుకోకూడదు, బాగా దూరం పోయినప్పుడు కనీసం జానెడు లోపలే ఉండాలి. పొడవు ఎక్కువైతే రెండు గొట్టాలనీ సమానంగా కోయించాలి, ఒకటే కోస్తే కుదరదు. షేర్ బోల్ట్ తెగితే దాని స్థానంలో గట్టి బోల్ట్ బిగించమని మెకానిక్ అంటే ఒప్పుకోకు. రాయి తగిలినప్పుడు ఆ బోల్ట్ తెగకపోతే గేర్‌బాక్స్ పళ్లు తెగుతాయి, అదే సైజు, అదే రకం షేర్ బోల్టులు ఓ అరడజను టూల్ బాక్స్‌లో పడేసుకో. షాఫ్ట్ మీద ప్లాస్టిక్ తొడుగు పగిలితే ఆ రోజే కొత్తది వేయించు, లుంగీ, తుండుగుడ్డ, చీర కొంగు ఏది చుట్టుకున్నా మనిషిని లాగేస్తుంది.

అనంతపురం దగ్గర గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ యంత్రాల శిక్షణ సంస్థ ఉంది, రైతులకి ట్రాక్టర్, పనిముట్ల మీద శిక్షణ ఇస్తారు. నంద్యాల నుంచి మరీ దూరం కాదు. కొనే ముందే వెళ్లి రా. నీ మోడల్ పీటీఓ అంకె, వెనక టైర్ల వెడల్పు, ఏ క్లచ్ ఉందో ఇక్కడ రాస్తే, 6 అడుగుల్లో ఎన్ని కేజీల వరకు ఉన్నది తీసుకోవచ్చో చెబుతాను.